డ్రైవర్‌దే తప్పు

ఆ ఇంట్లో కంప్యూటరుకి ఒంట్లో బాగోకపోతే చూసే వైద్యుడు ఒక్కడే. పెద్దోడు. ఊళ్ళో రక్తపరీక్షలు చేసే ల్యాబులో కంప్యూటర్లు చూసుకోవడం అతని ఉద్యోగం. అక్కడ ప్రింటరు కాగితం నమిలినా, స్క్రీను నల్లబడినా, మేనేజరు పాస్‌వర్డు మరిచిపోయినా, పెద్దోడు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, కనుబొమ్మలు దగ్గరికి తెచ్చుకుంటాడు, ఒక నిట్టూర్పు విడుస్తాడు. తర్వాత "డ్రైవర్ ప్రాబ్లం" అంటాడు. ఆ మాటకి ఎదురు చెప్పిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. డ్రైవరంటే కంప్యూటరుకీ, దానికి తగిలించిన వస్తువుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాము. అది తెలీనివాళ్ళు మర్యాదగా తలూపుతారు. తెలిసినవాళ్ళు ఇంకా మర్యాదగా తలూపుతారు, ఎందుకంటే ఒక్కోసారి అది నిజం కూడా అవుతుంది.

ఇంట్లో ఉన్న మిషను అతను సొంతంగా బిగించుకున్నది. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కొన్నరోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా కార్డు మీద చెయ్యి వేసి జోకొట్టాడని చూసినవాళ్ళు చెప్తారు. దాని మీద అతను ఆడేవాడు, చెల్లెలు ఆడేది.

చెల్లెల్ని ఇంట్లో పిచ్చుక అంటారు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందట. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, గుమ్మంలోంచి రావాలంటే తల వంచాలి, అయినా పిచ్చుకే. మౌసు పట్టుకోవడం ఆమెకి నేర్పింది పెద్దోడే. నేర్పిన పాపానికి, ఇప్పుడు ఆమె గురి ముందు అతను గోడకి కొట్టిన మేకు లాంటివాడు. ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు.

వాళ్ళు ఆడేది తుపాకుల ఆట. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. వచ్చే నెల పెద్ద హాలులో పోటీ ఉంది. దానికి ఒక అమ్మాయి జట్టు కడుతోంది. ఆమెని అందరూ కెప్టెన్ అంటారు, మొహం ఎవరూ చూడలేదు, గొంతు మాత్రం జలుబు చేసిన పోలీసులా ఉంటుంది. ఐదో మనిషి కోసం చూస్తూ, ముందు పెద్దోడి ఆట చూసింది. శ్రద్ధగా, చివరిదాకా చూసింది. చూసి, "మీ చెల్లెలు ఇంట్లో ఉందా?" అని అడిగింది.

పిచ్చుకని ఇంతవరకూ ఎవరూ దేనికీ ఏరుకున్నది లేదు, షాపుకి పంపడానికి తప్ప. బళ్ళో పరుగుపందెంలో కాలు బెణికింది, పాటలపోటీకి గొంతు పోయింది. మొదటిసారి ముక్కూ మొహం తెలీనివాళ్ళు నలుగురు "నువ్వు కావాలి" అన్నారు. ఆ పూట ఆమె అన్నం తింటూ కంచం వైపు చూసి నవ్వింది. వాళ్ళమ్మ కంచంలో ఏం పడిందోనని తొంగి చూసింది.

సరిగ్గా అప్పుడు మిషను పడిపోవడం మొదలుపెట్టింది.

ఆట మంచి పట్టులో ఉండగా స్క్రీను ఒక్కసారి నల్లగా అయిపోతుంది. చెవుల్లో మాత్రం తుపాకుల మోత ఆగదు. అంటే మనల్ని చంపుతున్న చప్పుడు శుభ్రంగా వినపడుతుంది, చూసే భాగ్యం ఉండదు. కాసేపటికి స్క్రీను వెలుగుతుంది. ఆట ఉండదు. మూలన చిన్న చీటీ ఉంటుంది: డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయింది, మళ్ళీ కోలుకుంది. కోలుకున్నందుకు ఆ ఇంట్లో సంతోషించాల్సింది డ్రైవరొక్కటే.

పెద్దోడు కుర్చీ లాక్కున్నాడు, కనుబొమ్మలు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"డ్రైవర్ ప్రాబ్లం."

"ఆదివారం మ్యాచ్ ఉంది. ఆ లోపు తగ్గుతుందా అన్నయ్యా?"

"జలుబుకి కూడా వారం పడుతుందే. ఇది మిషను. రెండు రోజుల్లో లేపి కూర్చోబెడతా."

కొత్త డ్రైవరు వేశాడు. పడిపోయింది. పాతది వేశాడు. పడిపోయింది. అంతకన్నా పాతది, ఈ ఆట పుట్టకముందుది వేశాడు. ఆట తెరుచుకోనే లేదు. "చూశావా, ఇప్పుడు క్రాష్ అవ్వట్లేదు" అన్నాడు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి డ్రైవరు ఆనవాళ్ళన్నీ వేరుతో సహా పెరికి, మళ్ళీ నాటాడు. కంప్యూటరు డబ్బా రేకు విప్పి నాన్న గడ్డం బ్రష్షుతో దుమ్ము దులిపాడు. మర్నాడు నాన్న ఆ బ్రష్షుతోనే గడ్డం గీసుకుని ఆఫీసుకెళ్ళాడు, ఆఫీసులో ఎవరికీ తేడా తెలీలేదు. తర్వాత టేబుల్ ఫ్యాను తెచ్చి డబ్బా ముందు పెట్టాడు. ఇంట్లోవాళ్ళు చెమటలు కక్కుతుంటే డబ్బా మాత్రం గాలి పోసుకుంది. మూడు తరాల్లో ఆ ఇంట్లో అంత సుఖపడ్డ ప్రాణి లేదు.

అయినా పడిపోయింది.

అప్పుడు ఆటలో బొమ్మల నాణ్యత తగ్గించడం మొదలుపెట్టాడు. నీడలు తీసేశాడు. గడ్డి పీకేశాడు. నీళ్ళు తోడేశాడు. చివరికి శత్రువులు తడిసిన మట్టిముద్దల్లా మిగిలారు.

"అన్నయ్యా, నేనెవర్ని కాలుస్తున్నానో నాకే తెలీట్లేదు."

"తగులుతోందా?"

"తగులుతోంది."

"మరింకేం? మొహాలు చూసి సంబంధం మాట్లాడతావా ఏంటి?"

ఇంతలో జట్టుతో ఆడిన రెండు ఆటల్లో పిచ్చుక మధ్యలోనే మాయమైపోయింది. రెండోసారి కెప్టెన్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీ ఆట నాకు నచ్చింది" అంది. "ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉంది, అదే నీకు ఆఖరి పరీక్ష అనుకో. ఒకసారి పోతే సర్దుకుంటాం. రెండోసారి పోతే వేరేవాళ్ళని తీసుకుంటా. నువ్వు బాగా ఆడవని కాదమ్మా. నువ్వుంటావో ఉండవో తెలీక."

ఆ మాట పిచ్చుక వచ్చి అన్నకి చెప్పింది. ఆ పక్కనే బావ ఉన్నాడు.

బావంటే మేనత్త కొడుకు. కళ్ళద్దాల షాపు నడుపుతాడు. ఎదుటివాళ్ళ కళ్ళలో లోపం కనిపెట్టడం వృత్తి, మిగతా అన్నిట్లో లోపం కనిపెట్టడం సరదా. పెళ్ళై ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళిద్దర్నీ భార్యకి వదిలేసి ఇక్కడికొచ్చి బిస్కెట్లు తింటూ కూర్చుంటాడు. అతని ఇంట్లోనూ ఇలాంటి మిషనే ఉంది.

"దానికంత ఆలోచన ఎందుకు మరదలా? ఆదివారం మా ఇంటికొచ్చెయ్. నాది ముసలి ఎద్దు, పరిగెత్తదు గానీ పడదు."

పిచ్చుక మొహం వెలిగింది. "వెళ్ళనా అన్నయ్యా?"

"ఇంట్లో ఇంత మిషను పెట్టుకుని పరాయివాళ్ళింట్లో ఆడతావా?" అన్నాడు పెద్దోడు.

"అత్తయ్యా, వింటున్నారా? నేను పరాయివాణ్ణైపోయాను" అని వంటింటి వైపు కేకేశాడు బావ. "సరేలే బావమరిదీ. స్కోరులో నన్ను ఓడించినవాడివి. నీ మిషను ముందు నాదెంత?"

ఈ స్కోరు సంగతి చెప్పాలి. కార్డు సత్తా కొలిచే పరీక్ష ఒకటుంది. తెర మీద ఒక జలపాతం, ఒక డ్రాగను కాసేపు తిరుగుతాయి, చివర్లో ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఎందుకూ పనికిరాదు. బావా బావమరుదులకి మాత్రమే పనికొస్తుంది. ఇద్దరూ పెట్టుకున్నారు. ఒకే రకం కార్డు, బావకి పది పాయింట్లు ఎక్కువొచ్చాయి. బావ ఏమీ అనలేదు. "పోన్లేరా, నువ్వు బిగించిందేగా" అన్నాడంతే. ఆ మాట పెద్దోడికి చెప్పులో రాయిలా గుచ్చుకుంది. కార్డు వేగం పెంచే చిన్న ప్రోగ్రాము తెచ్చుకున్నాడు. అందులో ఒక గీత, గీత మీద జరిపే బొత్తాం. బావ లేని పూట బొత్తాన్ని కుడివైపుకి, ఇంకా కుడివైపుకి, కార్డు మూలిగేదాకా జరిపాడు. బావ మళ్ళీ ఎప్పుడొచ్చి పరీక్ష పెట్టమంటాడో అని, మిషను వెయ్యగానే తనంతట తనే ఆ వేగం అందుకునేట్టు గడిలో టిక్కు కూడా పెట్టాడు. ఇదంతా మొదలవ్వక ముందు ఒక ఆదివారం బావ ఎదుట డ్రాగను ఎగిరింది, అంకె వచ్చింది, బావ ఓడాడు. "ఏం కలిపావురా దీంట్లో?" అంటే, "ఏమీ లేదు బావా, చేతి మహిమ" అన్నాడు.

తర్వాత మరిచిపోయాడు. నటన కాదు, నిజంగానే మరిచిపోయాడు. గెలిచిన సంగతి రోజూ గుర్తొచ్చేది, ఎలా గెలిచాడో మాత్రం గుర్తులేదు. డాక్టరు అడిగితే రోగి అన్నీ చెప్తాడు, నిన్న తిన్నదొక్కటి తప్ప. ఇక్కడ డాక్టరూ పెద్దోడే, రోగీ పెద్దోడే. డ్రైవరుని వేరుతో సహా పెరికిన ప్రతిసారీ ఆ చిన్న ప్రోగ్రాము మాత్రం మూల కూర్చునే ఉంది. కొత్త డ్రైవరు వచ్చి బట్టలైనా మార్చుకోకముందే దాని నెత్తిన మోయలేని ఆ వేగం మూటే పెడుతూ వచ్చింది.

"ఇక్కడే ఆడుతుంది" అన్నాడు పెద్దోడు. "నాదీ పూచీ."

పిచ్చుక ఒక్క క్షణం బావ వైపు చూసింది. "అన్నయ్య చూసుకుంటాడులే బావా" అంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆ గదిలోనే ఉన్నారు. పిచ్చుక కుర్చీలో, పెద్దోడు వెనకాల నిలబడి, బావ మంచం మీద బిస్కెట్ల డబ్బాతో. అమ్మ గుమ్మంలో. నాన్న వచ్చి, "ఎవరు గెలుస్తున్నారు?" అని అడిగి, ఇంకా మొదలవ్వలేదని చెప్తే, "మంచిదే" అని వెళ్ళిపోయాడు.

మొదటి సగం ఆడింది పిచ్చుక. అది ఆట కాదు, పాత కక్ష తీర్చుకోవడం. అవతలి ఐదుగురూ గోడల వెనక దాక్కోవడం మానేసి గోడలకి క్షమాపణలు చెప్పుకున్నారు. బావ బిస్కెట్టు నోటిదాకా తీసుకెళ్ళి అక్కడే మరిచిపోయాడు. "ఇదెవర్రా బాబూ" అన్నాడు. పెద్దోడి ఛాతీ పొంగింది. అందులో సగం చెల్లెలి గురించి, సగం మిషను గురించి.

సగం పూర్తవబోతుండగా స్క్రీను నల్లబడింది.

పిచ్చుక వేళ్ళు కీబోర్డు మీదే ఉంచింది, తీస్తే ఆట పారిపోతుందన్నట్టు. స్క్రీను వెలిగింది, చీటీ కనిపించింది, డ్రైవరు కోలుకుంది. ఆమె పరుగున ఆటలోకి తిరిగొచ్చేసరికి మిగతా నలుగురూ ఎలాగో గట్టెక్కించారు. విరామం ఇచ్చారు.

"ఒకటైంది" అంది కెప్టెన్ గొంతు, పిచ్చుక చెవిలో. అంతే అంది.

"అన్నయ్యా..."

"లే, లే. ఒక్క నిమిషం చూడనీ."

పిచ్చుక లేచి పక్కన నిలబడింది. పెద్దోడు కూర్చున్నాడు. వేడెక్కిందేమోనని కార్డు వివరాలు చూపించే కిటికీ తెరిచాడు. వేడి మామూలుగానే ఉంది. దాని కిందే కార్డు వేగం ఉంది. ఆ అంకె చూశాడు.

ఆ అంకె అతనికి తెలుసు. తన చేత్తో పెట్టుకున్నది. బొత్తాం, గీత, డ్రాగను, టిక్కు, అన్నీ వరసగా గుర్తొచ్చి ఎదురుగా నిలబడ్డాయి, అప్పులవాళ్ళలా. చెవులు వేడెక్కాయి. ఫ్యాను ఇంకా డబ్బా వైపే తిరిగి ఉంది.

మందు చేతిలోనే ఉంది. మూలనున్న ప్రోగ్రాము తెరవాలి, బొత్తాన్ని ఎడమకి లాగాలి. తుమ్మినంత సేపు పట్టదు.

"ఏంటది బావమరిదీ?" బావ మంచం దిగి వచ్చి భుజం మీదుగా వంగాడు. అతని కళ్ళు కళ్ళద్దాలు అమ్మే కళ్ళు, గోడ మీది చివరి వరస అక్షరాలు కూడా వీధిలోంచి చదువుతాయి. "ఆ అంకె ఏంటి? నా దాంట్లో అంత ఉండదే?"

పెద్దోడు కిటికీ మూసేశాడు.

"టెంపరేచరు."

"అంతుందా? అందులో టీ కాచుకోవచ్చు."

"బావా, కాస్త మంచినీళ్ళు తెచ్చిపెడతావా?"

"అత్తయ్యా! మీవాడికి మంచినీళ్ళట!" అని అక్కణ్ణుంచే అరిచాడు బావ. అంగుళం కదల్లేదు. పైగా ఇంకాస్త వంగాడు. "ఆ మూలన ఎర్రగా ఉన్న బొమ్మేంట్రా? అది నా మిషనులో లేదు."

"అది... యాంటీవైరస్."

"అన్నయ్యా, మొదలవుతోంది. దొరికిందా?" అంది పిచ్చుక.

పెద్దోడు మౌసు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బొమ్మ నొక్కితే గీత తెరుచుకుంటుంది. బావ చూస్తాడు. చూసి అరవడు. నవ్వను కూడా నవ్వడు. "ఓహో, చేతి మహిమ" అంటాడు. పండక్కీ పబ్బానికీ, పెళ్ళిళ్ళలో, చావు ఇళ్ళలో, ఈ జన్మకి ఇంక ఆ మాట ఆగదు. పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ పిల్లలకి చెప్తారు. ఇంకో సగమే కదా, అనుకున్నాడు. ఇప్పుడే పడింది కదా, మళ్ళీ వెంటనే పడదు. పడినరోజు రెండుసార్లు పడిందా ఎప్పుడైనా? పడింది. చాలాసార్లు పడింది. అయినా అనుకున్నాడు.

"అన్నయ్యా, జరుగు."

జరిగాడు.

"సెట్ చేశా. ఆడు" అన్నాడు.

రెండో సగంలో పిచ్చుక అంతకన్నా బాగా ఆడింది. అదే దుర్మార్గం. పాడుగా ఆడుంటే ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళు. బావ చప్పట్లు కొడుతున్నాడు. పెద్దోడు ఆట చూడట్లేదు, తెర అంచులు చూస్తున్నాడు. ఎప్పుడైనా మబ్బు పట్టొచ్చు అన్నట్టు. మంచినీళ్ళ గ్లాసు అమ్మ తెచ్చి చేతిలో పెట్టింది, తాగకుండా పట్టుకునే నిలబడ్డాడు.

ఆఖరి రౌండులో ఇటు పిచ్చుక ఒక్కతే మిగిలింది, అటు ఇద్దరు. ఒకణ్ణి పడగొట్టింది. రెండోవాడి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. పిచ్చుక ఊపిరి బిగబట్టి తుపాకీ మలుపు వైపు తిప్పింది.

స్క్రీను నల్లబడింది.

చీకట్లో ఒక తుపాకీ పేలింది. ఎవరిదో తెలుస్తూనే ఉంది.

తెర మళ్ళీ వెలిగింది. హెడ్‌ఫోన్‌లో కెప్టెన్ గొంతు గొణిగినట్టు వినపడింది. పిచ్చుక, "ఊఁ... తెలుసు... పర్లేదు... మీ తప్పేముంది... సారీ" అంది. హెడ్‌ఫోన్ తీసి, వైరు చుట్టలా చుట్టి, టేబుల్ మీద పెట్టింది. ఆ వైరు ఆమె ఎప్పుడూ చుట్టదు. రోజూ తిట్లు తింటుంది దానికి.

"పోనీలేమ్మా, ఇంకోటి వస్తుంది" అంది అమ్మ.

బావ ఒక్క జోకు కూడా వెయ్యలేదు. "మా ఇంటికి రావాల్సింది" అన్నాడు మెల్లగా, ఎవర్నీ చూడకుండా. డబ్బా మూత పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

గది ఖాళీ అయ్యాక పెద్దోడు కూర్చున్నాడు. ఎర్రబొమ్మ నొక్కాడు. బొత్తాన్ని ఎడమకి లాగాడు. టిక్కు తీసేశాడు. తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. తర్వాత ఆట తెరిచి, పీకేసిన గడ్డి, తోడేసిన నీళ్ళు, తీసేసిన నీడలు అన్నీ మళ్ళీ పెట్టి, ఆడకుండా దాన్నలా నడవనిచ్చాడు. నూనె రాసినట్టు నడుస్తోంది. దీపాలు పెట్టే వేళైంది, ఇంకా నడుస్తోంది. పడిపో, అని వేడుకున్నాడు. ఒక్కసారి పడిపో తల్లీ. పడితే వేగం వల్ల కాదని తేలుతుంది, నిజంగానే డ్రైవరు అవుతుంది. పడలేదు. ఆ మిషను అంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేదు.

మర్నాడు ల్యాబునించి వచ్చేసరికి పిచ్చుక తెర ముందు నిలబడి ఉంది, కూర్చోకుండా.

"ఇది బాగైపోయింది అన్నయ్యా. మధ్యాహ్నం నించీ నడుస్తోంది, ఒక్కసారీ పడలేదు."

"ఊఁ."

"ఎలా?"

చొక్కా బొత్తాలు విప్పుకుంటూ, గోడ వైపు తిరిగి, "కొత్త డ్రైవరు వచ్చింది" అన్నాడు. "రాత్రే విడుదల చేశారు."

"నిన్న రాత్రా?"

"ఊఁ."

"ఒక్క రోజు ముందు ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయింది!" అంది పిచ్చుక. గొంతు వణికింది. ఆదివారం వణకలేదు, ఇప్పుడు వణికింది. వచ్చి అన్న పక్కన మంచం మీద కూలబడింది. "నువ్వెంత కష్టపడ్డావ్ అన్నయ్యా. వారమంతా దాంతోనే చచ్చావ్. బావ అంటున్నాడు, మీ అన్న సరిగ్గా చూళ్ళేదేమో అని. నోర్ముయ్ బావా అన్నాను. నిజంగానే అన్నాను."

పెద్దోడు చొక్కా మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

"కెప్టెన్ ఏమంది?" అని అడిగాడు చివరికి. "ఇప్పుడు బాగైందని చెప్పావా?"

"చెప్పా. పొద్దున్నే ఎవర్నో తీసేసుకున్నారట." ఫోను చేతిలోకి తీసుకుంది. "నేనూరుకోను. ఆ కార్డు కంపెనీవాళ్ళ పేజీలో రాస్తున్నా, అందరూ చూసేట్టు. సగం రాశా. విను." ఒకసారి దగ్గి చదివింది. "మీ డ్రైవరు వల్ల నేను జట్టులో చోటు పోగొట్టుకున్నాను. మా అన్నయ్య ఈ పనిలోనే ఉన్నాడు. చెయ్యాల్సిందంతా చేశాడు. తప్పు పూర్తిగా మీదే. ఇంకెవరికీ ఇలా జరక్కుండా దయచేసి చూసుకోండి."

తలెత్తి చూసింది. "బావుందా? నువ్వైతే ఇంకా బాగా రాస్తావ్. తప్పులుంటే దిద్దు."

ఫోను అతని చేతిలో పెట్టింది. పెద్దోడు చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. అలవాటుగా కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. చెల్లెలు అతని మొహంలోకే చూస్తోంది, డాక్టరు నోటి వెంట వచ్చే మాట కోసం చూసినట్టు.

"అన్నీ బాగానే ఉన్నాయి" అన్నాడు. "మధ్యలో ఆ దయచేసి ఎందుకు? తీసెయ్."

తీసేసింది.